పుల్లయ్య గారి చివరి మనవి

"మైకు ఇటివ్వరా! పెద్దకొడుకుని, ముందు నేను మాట్లాడాలి."

"పెద్దోడివైతే ఏంటన్నయ్యా? ఫ్లెక్సీ వేయించింది నేను. భోజనాలు పెట్టిస్తోంది నేను."

భవానీపురం మందిరంలో పుల్లయ్య గారి జ్ఞాపకార్థ కూడిక మొదలై ఇంకా ఐదు నిమిషాలు కాలేదు. వేదిక మీద ఆయన ఫోటో పక్కనే పెద్దకొడుకు డేనియల్, చిన్నకొడుకు జాన్ పాల్ ఒకే మైకు పట్టుకుని గుంజుకుంటున్నారు. కింద సంఘమంతా నోరెళ్లబెట్టి చూస్తోంది.

చివరికి డేనియల్ లాక్కున్నాడు. "అందరికీ వందనాలండీ! మా నాన్నగారు ఒక్క ఆదివారం కూడా మందిరం మానలేదు. ఆఖరి నిమిషంలో కూడా నా పేరే పిలిచారు."

జాన్ పాల్ మైకులోకి మెడ చాచాడు. "అబద్ధమండీ! నాన్న పిలిచింది నన్ను!"

ముందు వరసలో కూర్చున్న వాళ్లమ్మ సుగుణమ్మ పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆయన అడిగింది మంచినీళ్లురా. మీరిద్దరూ రాలేదు. ఆసుపత్రి ఆయా తాగించింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు.

పాస్టర్ యేసుకుమార్ గారు లేచారు. "గొడవ వద్దు బాబూ. పుల్లయ్య గారు పోయిన నెలలో నాకో కవరిచ్చారు. ఈ కూడికలోనే చదవమన్నారు."

అన్నదమ్ములు చటుక్కున మైకు వదిలేశారు. నాన్న ఎవరిని ఎక్కువ మెచ్చుకున్నాడో తేలిపోతుందని ఇద్దరూ దిగి తల్లి పక్కన కూర్చున్నారు. జాన్ పాల్ వీడియో తీయమని భార్యకు సైగ చేశాడు.

పాస్టర్ గారు కవరు చించి, కళ్లజోడు సర్దుకుని చదివారు.

"పాస్టర్ గారికి వందనాలు. నా కొడుకులిద్దరూ మందిరానికి రావాలని ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం మీచేత ప్రార్థన చేయించాను. నేను బతికుండగా ఒక్కసారీ రాలేదు. ఈరోజు వచ్చి ఉంటారు. దేవునికి స్తోత్రం."

డేనియల్ తల దించుకున్నాడు. జాన్ పాల్ కళ్లు చెమర్చాయి. భుజాలు తగులుతున్నా ఇద్దరూ పక్కకు జరగలేదు. సుగుణమ్మ ఇద్దరి చేతులూ పట్టుకుంది.

పాస్టర్ గారు కాగితం తిప్పారు.

"వీళ్లు మళ్లీ దొరకరు. దయచేసి తలుపులు వేయించి, బైబిలు ఆదికాండం నుంచి మొదలుపెట్టండి."