మూడో దండయాత్ర

దండయాత్ర చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వెళ్లాడు.

అది స్నేహితులు పెట్టిన పేరు. చేసే పని వల్ల వచ్చే జబ్బుల గురించి వైద్య విద్యార్థులకు పెట్టే ప్రాక్టికల్ పరీక్షలో రెండుసార్లు బోర్లా పడ్డాడు. ఇది మూడోసారి. ఇదీ పోతే వచ్చే నెల నుంచి సొంత చెల్లెలి పక్కన, అదే బెంచీలో కూర్చోవాలి. నోట్సు నేనిస్తాలే అన్నయ్యా అని ఆవిడగారు అప్పుడే అభయం ఇచ్చేసింది కూడా. అంతకంటే గడ్డం పెంచుకుని అడవులకు పోవడం నయమనిపించింది వాడికి.

సగం మార్కులు వస్తే గట్టెక్కినట్టే.

మంచం మీద ఒక పెద్దాయన చొక్కా విప్పుకుని పడుకుని ఉన్నాడు. దండయాత్ర ఆయన ముఖం వైపు చూడలేదు. చూసే తీరికేదీ? జబ్బు అడిగే ముందు పని అడగండని పాఠం చెప్పే మేడం ఏడాది పొడవునా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆ ప్రశ్నలన్నీ బట్టీ పట్టి వచ్చాడు. పరీక్షలో నియమం ఒక్కటే. ఉద్యోగం పేరు పెద్దాయన చెప్పడు, వాడే పట్టుకోవాలి.

నొప్పి ఎడమ పక్కటెముకల మీదన్నాడు పెద్దాయన. దండయాత్ర ఎడమచేతి వేలు అక్కడ ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో టకటకా కొట్టి చూశాడు. పెద్దాయన పళ్లు బిగబట్టాడు. నొప్పి ఉందని రాసుకున్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఇదే పనట. సెలవుల్లో నొప్పి తగ్గుతుందట. ఏడాదికి రెండుసార్లు పని తెగ ఎక్కువట, అప్పుడు ఊపిరి పీల్చినా కలుక్కుమంటుందట. తోటివాళ్లలో ఇంకో ఇద్దరికీ ఇదే బాధట.

"పని నిలబడి చేస్తారా, కూర్చునా?"

"వెల్లకిలా పడుకుని, బాబూ."

దండయాత్రకు ప్రాణం లేచొచ్చింది. వెల్లకిలా పడుకుని చేసే పని ఇంకేముంటుంది? లారీ కిందికి దూరే మెకానిక్. ఉత్సాహం పట్టలేక ఇంకో నాలుగు దెబ్బలు వేసి మరీ నిర్ధారించుకున్నాడు.

మేడం రాగానే గడగడా అప్పజెప్పాడు. రోజూ తగిలే దెబ్బలకు పక్కటెముకల దగ్గర వాపు. మందు, విశ్రాంతి. పెద్దాయన లారీ షెడ్డులో మెకానిక్, పైనుంచి సామాన్లు జారి ఛాతీ మీద పడుతుంటాయి. అంతటితో ఊరుకోలేదు. జాలి పొంగుకొచ్చింది.

"ఒక మనిషి ఛాతీ ఇన్నేళ్లుగా ఇలా నలిగిపోతుంటే, పని చేయించుకునేవాళ్లకి చీమ కుట్టినట్టయినా ఉండదా మేడం?" అన్నాడు. నిజంగానే కళ్లు చెమర్చాయి.

మేడం సగం మార్కులు వేసింది. బెంచీ గండం గడిచింది. దండయాత్ర గాల్లో తేలిపోయాడు. ఆ ఊపులోనే, మిగతా సగం ఎక్కడ పోయిందని అడిగేశాడు.

జబ్బు సరిగ్గానే చెప్పావు, ఉద్యోగమే తప్పు అంది మేడం.

"ఇరవై రెండేళ్లుగా పరీక్షలప్పుడు ఈ మంచం మీద పడుకుని మీ చేత ఛాతీ కొట్టించుకోవడమే ఆయన ఉద్యోగం, కిందటి రెండుసార్లూ అందరికంటే గట్టిగా కొట్టింది నువ్వే."