సామాన్ల గదిలో

"నీకసలు పని వచ్చా? లోపలికి నడువు!"

టీకాల గది నిండా తల్లులు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని చూస్తుండగానే అరిచింది కొత్త సూపర్‌వైజర్.

నర్సు చేతిలో సిరంజి అలాగే ఉండిపోయింది.

"నేనేం చేశాను మేడమ్?"

"ఎదురు చెప్పకు. సామాన్ల గదిలో దూదంతా చిందరవందరగా పడుంది. పోయి సర్దు. నేను పిలవకుండా బయట కాలు పెట్టావో, ఊరుకోను!"

రెక్క పట్టుకుని లాక్కెళ్ళి, గదిలోకి తోసి, బయటనుంచి గడియ పెట్టేసింది.

నర్సుకు ఒళ్ళు మండిపోయింది. పట్టపగలు, అందరి ముందు, దొంగను తోసినట్టు తోస్తుందా!

బదిలీ మీద మొన్న వచ్చిన మనిషి. వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. చేతులు సరిగ్గా కడగలేదంటుంది, ఫ్రిజ్ తలుపు గట్టిగా వేయలేదంటుంది. ఆ నోటికి జడిసి చాటుగా 'పిడుగు' అని పేరు పెట్టుకున్నారు అందరూ.

నర్సు దూది సర్దలేదు. కట్టలు తీసి గోడకేసి కొట్టింది.

బయట కేకలు. ఏదో భళ్ళున పగిలింది.

'ఇప్పుడెవరి మీద పడిందో మహాతల్లి!' అని పళ్ళు కొరికింది. తలుపు తెరుచుకోగానే ఎలా కడిగెయ్యాలో మాటలు కూడబలుక్కుంది.

చాలాసేపటికి గడియ తీశారు. ఎదురుగా ఆయా.

"ఏదీ ఆ పిడుగు? ఈరోజు ఆవిడో నేనో తేలిపోవాలి!"

"లేదమ్మా. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. స్పృహ లేదు."

నేలంతా గాజుపెంకులు. బల్ల పక్కన నెత్తురు.

"నిన్న నువ్వు టీకా వేసిన పాప పోయిందటమ్మా. తండ్రి మనుషుల్ని వెంటేసుకుని కర్రలతో వచ్చాడు. వాళ్ళు గేటు దాటడం చూసే మేడమ్ నిన్ను లోపలికి తోసింది. పాపకి పుట్టుకతోనే గుండెజబ్బని చెబుతూనే ఉంది. వినే స్థితిలో ఉన్నాడా ఆయన?"

"అంతసేపూ డాక్టరుగారేం చేస్తున్నారు?"

"వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు మహానుభావుడు!"

ఆయా చీపురు నేలకేసి కొట్టింది.

నర్సు వంగి ఒక గాజుపెంకు ఏరింది. "నాతో ఒక్క మాట చెప్పచ్చుగా..."

"చెబితే నువ్వు గదిలో ఉంటావా తల్లీ?"

"మరి... ఆవిడనెందుకు కొట్టారు?"

"సూది వేసిందెవరని అడిగారమ్మా. 'నేనే' అంది."