బొంత పొడుగు

గడప దాటగానే సమ్మమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న కూతురు తిరుమల, పాత చీరలు మడతలు పెట్టి బొంత కుడుతోంది.

“పిల్ల భూమ్మీద పడకముందే బొంత కుట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? పోయినసారి కుట్టినంక ఏమైందో మర్సినవా?”

తిరుమల నోరు తెరిచేలోపే బొంత లాక్కుని, ఒక అంచు కుట్లన్నీ పటపటా తెంపేసింది. రెండో అంచు కోసం దులిపితే బొంత గుమ్మం దాకా పరుచుకుంది.

సమ్మమ్మ చెయ్యి ఆగింది. “గింత పొడుగెందుకే?”

“పిల్లకు కాదమ్మా, నీకు. కాన్పుకు వరంగల్ పోతే దవాఖానల నాకు మంచమిస్తరు. నువ్వు కింద బండల మీదనే పండాలె గద.”

సమ్మమ్మ తెంపిన అంచును ఒళ్లోకి లాక్కుంది.

“సూది ఏడ పెట్టినవే?” అని కసిరింది.