ఆఖరి కిలోమీటరు

కండక్టరు దగ్గరికి రాగానే సిద్దార్థ పాసు తీసి ఇచ్చాడు.

"ఈసారి ఏ ఊర్ల ఉరుకుడు సారూ?"

"పూనాల. వచ్చే నెల."

"పైసలు కట్టి మరీ ఉరుకుడేంది సారూ! మా గల్లీకి రా, కుక్కలు ఫుకట్ల ఉరికిస్తయి."

బస్సులో నలుగురు నవ్వారు. సిద్దార్థకు నవ్వు రాలేదు. పూనా పరుగుకు రెండు పేర్లు రాయించి ఉన్నాయి. రెండోది వజీర్‌ది. వాడు రానంటే తనకూ పరుగు లేదు. ఆ మాట అడగడానికే ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పోతున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో మాత్రం లింగంపేట దాటినా తేలలేదు.

సిద్దార్థ ఎల్లారెడ్డి బడిలో సోషల్ సారు. వజీర్ కామారెడ్డిలో టైలర్. సిద్దార్థ బీఎడ్ చదివే రోజుల్లో కాలేజీ గ్రౌండులో కలిసిన దోస్తానా. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వజీర్ ఎల్లారెడ్డిలో దిగేవాడు. ఇద్దరూ కలిసి రోడ్డు పట్టేవాళ్లు. హైదరాబాదు కానీ, ముంబయి కానీ, ఎక్కడ పరుగున్నా పక్కపక్క సీట్లు, ఒకటే టిఫిన్ డబ్బా.

వజీర్ నోటికి తాళం ఉండదు. ఉరికేటప్పుడు కూడా క్రికెట్ కామెంటరీ లెక్క చెబుతూనే ఉంటాడు.

"ముందట ఒక పహిల్వాన్ పోతున్నడు భయ్. వాన్ని దాటకుంటే మన ఇజ్జత్ పోతది."

"అగో, పచ్చ టీషర్టు అవ్వ. అరవై ఏండ్లుంటయి. మనల్ని దాటేసింది. సిగ్గుండాలె మనకు!"

అలాంటివాడు నెల రోజులుగా ఫోను ఎత్తడం లేదు.

ఎందుకు ఎత్తుతాడు? చేసిన పని అట్లాంటిది మరి.

పోయిన నెల హైదరాబాదులో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. రెండు గంటల లోపల ముగించాలని మూడేళ్ల పంతం. ఆ రోజు అందేటట్టే ఉంది. సరిగ్గా ఆఖరి కిలోమీటరులో వజీర్ "యా అల్లా" అంటూ కూలబడ్డాడు. పిక్క పట్టేసింది.

"నువ్వు పో భయ్. టైం పోతది. నేనొస్త," అన్నాడు పండ్లు కరుచుకొని.

సిద్దార్థ పోయాడు.

పది అడుగులు వేశాడో లేదో, వెనక నుంచి కేక.

"సిద్దూ! ఆగు! ఆగురా!"

వినబడింది. బాగానే వినబడింది. ఆగలేదు. ముందు పోయేవాళ్ల బూట్ల చప్పుడు వెంటబడి, మైకు మోత దిక్కు ఉరికాడు. గంటా యాభై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. ఎవరో ఆడపిల్ల మెడలో మెడల్ వేసి కంగ్రాట్స్ అంది.

ఇరవై నిమిషాలకు వజీర్ కుంటుకుంటూ వచ్చాడు. తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేశాడు. కామారెడ్డిలో రైలు దిగాక సిద్దార్థను ఎల్లారెడ్డి బస్సు ఎక్కించి, పోయొస్త అని కూడా అనకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు బడిలో ప్రేయర్‌లో సిద్దార్థ మెడల్ వేయించుకొని నిలబడాల్సి వచ్చింది. పిల్లలు ఆగకుండా చప్పట్లు కొట్టారు. వాళ్లు కొడుతున్నంతసేపూ అతనికి వెనక నుంచి "ఆగురా" అనే వినబడింది. ఆ రోజు నుంచి బూట్లు తొడగలేదు. అన్నం ముందు కూర్చుంటే అదే కేక.

కామారెడ్డిలో దిగి ఆటో ఎక్కాడు. ఆటోవాడు వజీర్ గుమ్మం ముందే దింపాడు. లోపల కుట్టుమిషను చప్పుడు.

వజీర్ తల్లి అజ్మత్ బీ ఎదురొచ్చింది. "ఆవో బేటా. ఏమైందిరా మీ ఇద్దరికి? వాడు బూట్లు తీసి సజ్జ మీద పడేసిండు. ఇగ జిందగీల ఉరకనంటున్నడు."

సిద్దార్థ మిషను చప్పుడు దిక్కు తిరిగాడు. "వజీరూ," అని పిలిచాడు.

మిషను ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

"నువ్వు పిలిచింది నాకు ఇనవడ్డది వజీరూ. కావాలనే ఆగలే."

మిషను నడుస్తూనే ఉంది.

"ఇంకోటి చెప్త. అది ఇంకా పాపం. నువ్వు నొప్పితోని కూలవడ్డవని ఎరుకే. అయినా నాకు సంబురమైంది. గిన్నేండ్లల్ల ఒక్కన్నే ఉరికింది గా ఒక్క కిలోమీటరే. ఎంత తేలికగుండెనో! నువ్వు పక్కన లేవన్న తేలిక. గదే నన్ను తింటున్నది."

అజ్మత్ బీ చాయ్ తెస్తానని లోపలికి పోయింది.

"మెడల్ తెచ్చిన. ఇది నీది. తిట్టు, రెండు దెబ్బలు కొట్టు, నీ ఇష్టం. పూనాకు మాత్రం వస్త అను."

మిషను ఆగిపోయింది. స్టూలు కిర్రుమంది. వజీర్ వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా.

"తప్పు నీదెట్లయితది సిద్దూ, చూపు లేనోని చెయ్యి నడిరోడ్డు మీద ఇడిసిపెట్టి పొమ్మన్నోన్ని నేను, ఏ మొఖం వెట్టుకొని నీ ఫోనెత్తాలె?"