సిగ్నల్ పెట్టె తలుపు

“మళ్ళీ తెరిచాడు సాహెబ్!” అంది శుభాంగి.

ఘాట్‌లో, కొండల మధ్య రైలు పట్టాల పక్కనున్న ఆ సిగ్నల్ పెట్టె తలుపు తెరిచినప్పుడల్లా ఇక్కడ కంట్రోల్ గదిలో తెర ఎర్రబడి అలారం కూస్తుంది. ఇందాకట్నుంచీ అదే గోల.

“తలుపు తీస్తే తీశాడు, నా ప్రాణం కూడా తీస్తాడేంటి ఈ దత్తారాం!” అరిచాడు మోహితే. “ఫోన్ చెయ్యి.”

“ఎత్తట్లేదు.”

“పెట్టెకు మరమ్మతు చెయ్యమంటే నా బుర్రకు చేస్తున్నాడు! ముందా కూత నోరు నొక్కెయ్.”

శుభాంగి మీట మీద వేలు పెట్టి ఆగిపోయింది. “తలుపు గాలికి కొట్టుకోదు సాహెబ్, గడియ ఉంది. పని చేసేవాడు ఒక్కసారే తెరుస్తాడు. దత్తారాం దాదా వరసగా తెరిచి మూస్తున్నాడు, కాసేపు ఆగుతున్నాడు, మళ్ళీ మొదలెడుతున్నాడు. మనల్ని పిలుస్తున్నాడేమో!”

మోహితే చటుక్కున ఫోన్ అందుకున్నాడు. ఘాట్‌లో పొద్దుట్నుంచీ ఒకటే వాన. ఆ వానలో, ఆ జారుడు రాళ్ళ మీద పడ్డవాడికి, ఫోన్ చేజారితే, పిలవడానికి ఆ తలుపు తప్ప ఇంకేముంది?

“సిగ్నల్ పెట్టె దగ్గరికి పట్టాల మీద ట్రాలీ పంపండి! మావాడికేదో అయింది!” అని స్టేషన్‌కి ఫోన్లో కేకేశాడు.

అంతలో కూత ఆగిపోయింది. ఎంతసేపటికీ రాలేదు.

“తెరువు దాదా,” అంది శుభాంగి తెరవంక చూస్తూ. “ఒక్కసారి.”

తెర ఎర్రబడింది. గదంతా మోగిపోయింది.

మోహితే కుర్చీలో కూలబడ్డాడు. “కుయ్యరా నాయనా! ట్రాలీ వచ్చేదాకా మా చెవులు చిల్లులు పడనీ.”