చేపు

కొండలరావు చనిపోయిన భార్య చీర కట్టుకుని ఆవు దగ్గర కూర్చున్నాడు.

నీలం నూలుచీర. కుచ్చిళ్ల కింద ఖాకీ ప్యాంటు కనిపిస్తోంది. కొంగు తలమీదుగా కప్పుకున్నాడు. పాలు తీయడం అయ్యాక చీర మడతపెట్టి, ఏడింటి బస్సుకు పోర్టులో పనికి వెళ్తాడు.

ఆనందపురం పశువుల ఆస్పత్రి నుంచి వచ్చిన రాధ పాక బయట నిలబడింది. ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి ఆ వేషం చూసి నవ్వింది. వీధిలో ఇంకెవరూ నవ్వడం లేదని గమనించి ఆపేసింది.

ఆవుకు అలవాటైన మనిషి కనిపిస్తేనే చేపుతుంది, పొదుగులోకి పాలు వదులుతుంది. పెళ్లాం లేకపోతే మొగుడు ఆమె చీర కట్టుకుని పాలు తీయడం రాధ విననిది కాదు. మగగొంతు వింటే బెదురుతుందని కొండలరావు పాకలో నోరు కూడా విప్పడు.

అరలీటరు పాలతో లేచాడు. రాధను పాక వెనక్కి రమ్మని సైగ చేశాడు.

"మళ్లీ తీశారా బాబాయ్?"

"కొంచెమే తీసినానమ్మా."

"కొంచెమైనా తీసినట్టే. చూడి కట్టి ఏడు నెలలు దాటింది. ఇప్పుడు పాలు మాన్పించాలి, వట్టిపోనివ్వాలి. ఈనేముందు రెండు నెలలు విశ్రాంతి లేకపోతే జున్నుపాలు సరిగ్గా పడవు. లోపల దూడకూ బలం ఉండదు."

"రేపట్నుంచి మానేత్తాను."

"పోయిన వారం కూడా రేపే అన్నారు. మీ రేపు ఎప్పుడొస్తుందో ఆ ఆవుకైనా చెప్పండి."

ఆయన నవ్వలేదు.

ఆ జెర్సీ క్రాసు ఆవును పెయ్యగా ఉన్నప్పుడు ఆయన భార్య ఈశ్వరే తెచ్చుకుంది. రెండు ఈతలూ కోడెదూడలే. మూడో ఈతకు చూడి సూది వేయించిన రోజు, ఈసారైనా పెయ్య పుట్టాలని సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. నాలుగు నెలలు తిరక్కుండా జ్వరంతో పోయింది.

రాధ చేతికి పొడుగు గ్లౌజు తొడుక్కుని ఆవును పరీక్షించింది. చాలాసేపు పట్టింది.

"దూడ బతికే ఉంది. కదలిక తక్కువగా ఉంది. తల్లి డొక్కలు చూడండి, ఎలా లోపలికి పోయాయో. ఇంకో పది రోజులు ఇలాగే పితికితే రెండూ దక్కవు."

"పెయ్యేనా అమ్మా?"

"అది నాకెలా తెలుస్తుంది బాబాయ్? ఏదైనా ముందు బతకాలి కదా."

ఆయన తల దించుకున్నాడు.

చేతులు కడుక్కోవడానికి రాధ వసారా దగ్గరకు వెళ్లింది. అక్కడ మంచం మీద ఈశ్వరి తల్లి గంగాలమ్మ కూర్చుని పాకవైపు చూస్తోంది. ముఖంలో ఏ బాధా లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయి ఉంటుందని రాధ అనుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది గంగాలమ్మ.

మూడుసార్లూ అదే ప్రశ్న. పాపం చూపు ఆనదు కాబోలు.

"ఆస్పత్రి నుంచి వచ్చానమ్మా."

తిరిగి పాక వెనక్కి వచ్చాక రాధ గొంతు తగ్గించింది. "అడగకూడదు గానీ బాబాయ్, కన్నతల్లి ఎదురుగానే ఆ చీర కట్టుకుని తిరుగుతున్నారు. ఆవిడ గురించి ఎప్పుడైనా ఆలోచించారా?"

కొండలరావు కొంగు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"ఇక్కడుంటే ఇది వట్టిపోదు. ఈ పాక, ఈ వేళ, ఆ చీర, అన్నీ దానికి అలవాటే. చూడగానే చేపుతుంది. మీరు చెప్పిందే కదా. ఈనేదాకా చోటు మార్చండి."

"చోటు మార్చకపోతే?"

"దూడను మర్చిపోండి."

సాయంత్రం కొండలరావు డ్యూటీ నుంచి వచ్చి, పక్కింటి శ్రీరామ్మూర్తిని పిలిచాడు. అతనికి కొండ కింద జీడితోట ఉంది. అతను పలుపు భుజాన వేసుకుని వచ్చాడు గానీ, ఆవును విప్పలేదు.

"మా తోటలో మేతకేటి లోటు బావ. నీకన్నా నానే బాగా సూత్తాను. అది కాదు..." పలుపు చేతిలోకి తీసుకున్నాడు. "మరి పొద్దున్న ఏటి సేత్తావ్?"

"సూద్దాం."

"ఇంకొన్నాళ్లు ఉంచుకోరాదేటి? ఆ ఆస్పత్రి అమ్మకేటి తెలుసు."

"దూడ పోద్దంట బావ."

శ్రీరామ్మూర్తి పలుపు కట్టాడు. ఆవును తోలుకుని కొండవైపు వెళ్లాడు. అది రెండుసార్లు వెనక్కి తిరిగి అరిచింది.

కొండలరావు పాక ఊడ్చాడు. గడ్డి తీసేశాడు. నీలం చీర ఉతికి, ఆరాక పెట్టెలో అడుగున పెట్టాడు.

మర్నాడు పొద్దున్న ఖాళీ పాకవైపు చూసి, "ఈశ్వరేది బాబూ, పాలు తియ్యడానికి ఇంకా లెగనేదేటి?" అని అడిగిన గంగాలమ్మకు, విన్నది ఒక పూట కూడా గుర్తుండని ఆ తల్లికి, కూతురు చనిపోయిందని కొండలరావు మళ్లీ మొదటిసారిగా చెప్పాడు.