ఫియమ్మా చూడకూడని ఆట

“ఫియమ్మా అక్కడే ఉందా అత్తయ్యా?” అన్నాడు ఫోస్కో, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి బూటు లేసు బిగిస్తూ.

“ఎక్కడికి పోద్ది నాయనా? మోచేతుల దాకా పిండిలో ఉంది. ఇప్పుడు ఫోను ముట్టుకుంటే ఫోనే పాడైపోద్ది,” అంది అస్సుంతా.

ప్రతి ఆదివారం ఆటకు ముందు జరిగే తంతే ఇది. భార్య పక్క ఊళ్ళో, పుట్టింట్లో, అత్తగారి కళ్ళెదుట ఉందని రూఢి అయితే తప్ప ఫోస్కో మైదానంలో కాలు పెట్టడు.

అలాగని అతన్ని తప్పుపట్టడానికీ లేదు. పెళ్ళికి ముందు ఫియమ్మా అతని ఆట చూడ్డానికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి అతనికి రెడ్ కార్డు పడింది. రెండోసారి అతని కాస్తెల్‌రుఫో జట్టు ఐదు గోల్స్ తేడాతో మట్టి కరిచింది. మూడోసారి అతని చీలమండ విరిగింది, స్ట్రెచర్ మోసేవాడు జారిపడి వాడి చెయ్యీ విరిగింది. ఆ తర్వాత ఆమె స్టేడియం వీధిలో కనబడితే చాలు, మగవాళ్ళు జేబులో తాళంచెవుల కోసం తడుముకునేవారు. ఇనుము తాకితే చెడు దూరంగా పోతుందని వాళ్ళ నమ్మకం.

“ఇంక నువ్వు రాకు,” అని చివరికి ఫోస్కోయే చెప్పాడు. ఫియమ్మా ఒక పూటంతా మూతి ముడుచుకుంది. మర్నాడు తనే నవ్వేసి సరేనంది. అంత సర్దుకుపోయే భార్య దొరికినందుకు అతను పొంగిపోయాడు. ఆదివారం సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి ఆమె తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ ఉండేది. “మా అమ్మ వంటింట్లో మనిషి ఉడికిపోతాడు,” అనేది.

ఫోస్కో గొప్ప ఆటగాడేమీ కాదు. మైదానం మధ్యలో తిరుగుతూ, ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కుని పక్కవాడికి అందించడం అతని పని. ఆ పనే ఏళ్ళ తరబడి విసుగూ విరామం లేకుండా చేశాడు. గోల్ కొట్టడమంటే అదేదో పక్కింటివాళ్ళ వ్యవహారం అన్నట్టు ఉండేవాడు. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు, మోకాలు మొరాయిస్తోంది. రేపటినుంచి బావగారి ఆలివ్ నూనె మిల్లులో ఉద్యోగం. ఇవాళే ఆఖరి ఆట. గెలిస్తే జట్టు నాలుగో డివిజన్ నుంచి మూడో డివిజన్‌కు వెళుతుంది. తాతల కాలం తర్వాత ఊరికి దక్కని గౌరవం అది.

“అత్తయ్యా,” అన్నాడు ఉన్నట్టుండి. “ఆమెను రమ్మనండి.”

“ఎక్కడికి?”

“ఇక్కడికే. ఇప్పుడు బయల్దేరితే సగం ఆటైనా అందుతుంది.”

“మతుండే మాట్లాడుతున్నావా అబ్బాయ్? ఇవాళ ఓడితే ఊళ్ళో తలెత్తుకు తిరగనిస్తారా?”

“ఓడితే ఓడతాం. ఇన్నేళ్ళు ఆడి నా పెళ్ళానికి ఒక్క మంచి ఆట చూపించలేదంటే ఏం ఆడినట్టు? ఫోను ఆమె చెవి దగ్గర పెట్టండి, నేనే చెప్తా.”

“అదెలా కుదురుద్ది?” అస్సుంతా గొంతు తడబడింది. “ఇప్పుడు వదిలేస్తే… పిండి ఎండిపోద్ది.” ఫోను పెట్టేసింది.

ఫోస్కో మనసు చివుక్కుమంది. తన ఆఖరి ఆట కన్నా పిండి ఎక్కువైపోయింది. అయినా ఎవరిని అనగలడు? ఇన్నేళ్ళూ రావద్దని తలుపేసింది తనే కదా.

బట్టలు మార్చుకునే గదిలో ఉన్న ఆటగాళ్ళందరూ విననే విన్నారు. గోల్‌కీపర్ ఇనుప బల్లను రెండు చేతులా పట్టేసుకున్నాడు. జట్టు బట్టలూ బూట్లూ చూసుకునే ముసలి ఒత్తోరినో నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఇన్నేళ్ళు లేనిది నీకు ఇవాళే ప్రేమ పుట్టుకురావాలట్రా?”

“రానంది లే మావా. సంతోషించు,” అన్నాడు ఫోస్కో.

ఒత్తోరినో అతన్ని ఎగాదిగా చూసి బయటికి నడిచాడు.

మైదానంలోకి వెళ్ళే దారిలో అడవిపంది నిలబడి ఉంది. అది క్లబ్బు గుర్తు, జనాన్ని హుషారు చేయడానికి మనిషి తొడుక్కునే వేషం. బొచ్చు ఒళ్ళు, గుమ్మడికాయంత మూతి. లోపల ఉండేది ఒత్తోరినో బావమరిది అని ఊరంతా అనుకుంటుంది గానీ ఎవరూ అడగరు. అడిగితే జట్టుకు అరిష్టం, అది నోరు విప్పితే మహా అరిష్టం. ఈ నియమం పెట్టింది ఒత్తోరినోయే. ఆటకు ముందు దాని మూతి ముట్టుకోనిదే ఫోస్కో అడుగు వేయడు. ఎల్లో కార్డు తెచ్చుకున్న రోజున అదీ ఊరుకోదు, అతని నెత్తిన ఒక్కటి మొట్టుతుంది.

ఒత్తోరినో దాని చెవిలో ఏదో గొణుగుతున్నాడు.

“దానికేం చెప్తున్నావు?”

“నీకు పిచ్చెక్కిందని. జట్టు అదృష్టం చూసుకునేదానికి తెలియొద్దా?”

ఫోస్కో మూతి ముట్టుకున్నాడు. ఎప్పుడూ చిందులు తొక్కే పంది ఇవాళ కదలకుండా నిలబడిపోయింది.

ఆట ఎటూ తేలలేదు. ఇక ఈల వేసేస్తారనగా ఎవరి కాలికో తగిలిన బంతి దొర్లుకుంటూ ఫోస్కో ముందుకొచ్చింది. అలవాటుగా పక్కకు చూశాడు. అందించడానికి ఎవరూ లేరు. గత్యంతరం లేక గోల్ వైపు తన్నాడు. అది తిన్నగా వెళ్ళి వలలో పడింది.

స్టేడియం పూనకం వచ్చినట్టు ఊగింది. ఫోస్కో ఎవరికీ చిక్కకుండా గీత దాటి పరిగెత్తి అడవిపందిని వాటేసుకున్నాడు. దాని బొచ్చు మెడలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఫియమ్మా చూడలేదు,” అన్నాడు. “ఇన్నేళ్ళలో ఒక్కటీ చూడలేదు.”

“అన్నీ చూశాను,” అంది అడవిపంది, ఫియమ్మా గొంతుతో.